మ్యూజియం ఉద్యోగం, రిటైర్మెంట్: గేటు మీద బోర్డు కాదు, జీతం చీటీ మీద పేరు చూడండి

మ్యూజియాలు, వారసత్వ సంస్థల్లో ఉద్యోగాల గురించి రివ్యూలు చాలానే ఉంటాయి కానీ దాదాపు అన్నీ ఒకటే పాట. ప్రశాంతమైన చోటు, చరిత్ర మధ్యలో పని, మంచి మనుషులు, జీతం మాత్రం తక్కువ. అంతటితో ఆపేస్తారు. అరవై దాటాక చేతికి ఏమొస్తుందన్న దగ్గరికి ఎవరూ రారు. ఈ రివ్యూ మొత్తం ఆ ఒక్క విషయం మీదే. రేటింగ్ ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో వెళ్లిపోవచ్చు: ప్రభుత్వ పెన్షన్ పథకంలో ఉన్న మ్యూజియంలో, దాని సొంత పేరోల్ మీద ఉద్యోగమైతే ఐదుకి నాలుగున్నర. సొంత నిధులతో నడిచే ట్రస్టు మ్యూజియం అయితే రెండున్నర, మహా అయితే మూడు. అవే గోడల మధ్య ఏజెన్సీ తరఫునో, అనుబంధ కంపెనీ తరఫునో పనిచేస్తే ఒకటి. ఆ ఒకటి కూడా మొహమాటానికి ఇస్తున్నదే.

ఒకే రకం సంస్థకి మూడు రేటింగులేంటి అని అడగొచ్చు. అసలు విషయం అదే. బయటినుంచి చూసేవాళ్లకి మ్యూజియం ఒకటే. లోపల మాత్రం ఒకే కప్పు కింద నలుగురైదుగురు యజమానులు ఉంటారు. క్యూరేటర్, కన్జర్వేటర్, రిజిస్ట్రార్ మ్యూజియం ఉద్యోగులు. షాపులో, కెఫేలో పనిచేసేవాళ్లు చాలాచోట్ల మ్యూజియం పెట్టుకున్న వ్యాపార కంపెనీ ఉద్యోగులు. గ్యాలరీల్లో నిలబడే గార్డులు, క్లీనింగ్ వాళ్లు ఏజెన్సీ మనుషులు. పిల్లలకి వర్క్‌షాపులు చేసేవాళ్లు ఫ్రీలాన్స్. కొత్తగా డిజిటైజేషన్‌కి వచ్చినవాళ్లు గ్రాంటు డబ్బుతో రెండేళ్ల కాంట్రాక్టు. వీళ్లందరి మెడలోనూ దాదాపు ఒకలాంటి ఐడీ కార్డే వేలాడుతుంది. రిటైరయ్యాక వచ్చేదానికి మాత్రం పోలికే ఉండదు.

ఈ తేడా మామూలు రోజుల్లో కనపడదు, కష్టం వచ్చినప్పుడు బయటపడుతుంది. 2020లో లండన్‌లోని టేట్ గ్యాలరీలు మూతపడినప్పుడు 300కు పైగా ఉద్యోగాలు తీసేశారు. పోయినవన్నీ షాపులు, కెఫేలు నడిపే టేట్ ఎంటర్‌ప్రైజెస్ అనే అనుబంధ కంపెనీలోవి. బయటివాళ్లు 'టేట్‌లో ఉద్యోగాలు పోయాయి' అనుకున్నారు, కానీ కాగితం మీద యజమాని వేరే. అంతకు ముందు 2015లో అదే నగరంలోని నేషనల్ గ్యాలరీ తన గ్యాలరీ సిబ్బంది పనిని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తానన్నప్పుడు వాళ్లు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. అదే గది, అవే బొమ్మలు, అదే కుర్చీ, దానికి ఇంత గొడవెందుకని అప్పట్లో విసుక్కున్నవాళ్లు ఉన్నారు. కుర్చీ అదేలెండి, జీతం వేసే చెయ్యి మారుతోంది కదా.

ఇక ప్యాకేజీల్లోకి వద్దాం. అన్నిటికంటే మంచిదానితో మొదలుపెడతాను.

బ్రిటన్‌లో బ్రిటిష్ మ్యూజియం లాంటి జాతీయ సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో సివిల్ సర్వీస్ పెన్షన్ అని రాసి ఉంటుంది. చాలామంది ఆ లైన్‌ని సెలవుల లైన్ లాగా చూసి వదిలేస్తారు. వదిలేయాల్సిన లైన్ కాదది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకం పేరు ఆల్ఫా. మీరు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఆ ఏడాది జీతంలో 2.32 శాతాన్ని, రిటైరయ్యాక ఏటా ఇచ్చే పెన్షన్‌గా మీ పేరున రాసుకుంటారు. 26,000 పౌండ్ల జీతం అనుకోండి, ఒక్క ఏడాది పనికి ఏటా సుమారు 603 పౌండ్ల పెన్షన్, బతికున్నంత కాలం, ధరలతో పాటు పెరుగుతూ. ఆ జీతం మీద ఉద్యోగి కట్టేది 4.6 శాతం. 2024 ఏప్రిల్ నుంచి యజమాని వాటా 28.97 శాతం, అంటే ఏడాదికి ఏడున్నర వేల పౌండ్లు. మ్యూజియంలో జీతం తక్కువ అంటుంటాం కదా, ఈ మొత్తం కూడా కలిపి చూస్తే కొంచెం మాట మార్చుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అదే భవనంలో, అదే 26,000 జీతానికి, ఒక ప్రైవేటు కంపెనీ తరఫున చేరినవాళ్లని చూడండి. చట్టం ప్రకారం ప్రతి యజమానీ ఉద్యోగిని ఏదో ఒక పెన్షన్‌లో చేర్చాల్సిందే, ఆ మేరకు మంచిదే. కానీ కనీసం ఇవ్వాల్సింది 3 శాతం మాత్రమే. అది కూడా మొత్తం జీతం మీద కాదు, 6,240 పౌండ్ల పైన ఉన్న భాగం మీద. లెక్క వేస్తే ఏడాదికి 593 పౌండ్లు. 603, 593 దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది, నేను కూడా ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నవ్వుకున్నాను. మొదటిది రిటైరయ్యాక ప్రతి ఏడాదీ వచ్చే పెన్షన్. రెండోది ఒక్కసారి ఖాతాలో పడే డబ్బు, దానికి మీ 5 శాతం కలుస్తుంది, ఆ తర్వాత మార్కెట్ దయ. ఉద్యోగాల్ని పోల్చేటప్పుడు జీతం ఒక్కటే పక్కపక్కన పెట్టుకునేవాళ్లకి ఈ తేడా అసలు కనపడదు.

ఆల్ఫాకి అర మార్కు ఎందుకు తగ్గించానంటే, పూర్తి పెన్షన్ వయసు ప్రభుత్వ పెన్షన్ వయసుతో ముడిపడి ఉంది, అది 67కి, తర్వాత 68కి జరుగుతూ పోతోంది. బరువైన పెట్టెలు మోస్తూ, గ్యాలరీల్లో గంటలకొద్దీ నిలబడే ఉద్యోగాలు ఆ వయసు దాకా చేయడం అందరివల్లా కాదు. ముందే తీసుకోవచ్చు, కానీ పెన్షన్ తగ్గిస్తారు.

స్థానిక సంస్థలు నడిపే మ్యూజియాలకి వేరే పథకం ఉంది, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2014 నుంచి అది ఏడాది జీతంలో 49వ వంతు చొప్పున జమ చేస్తుంది. ఇదీ మంచి పథకమే. చిక్కు ఎక్కడంటే, కౌన్సిల్ చేతిలో డబ్బు తగ్గినప్పుడు మ్యూజియాన్ని ఒక స్వతంత్ర ట్రస్టుగా విడదీయడం అక్కడ మామూలైపోయింది. పాత ఉద్యోగులు పాత పథకంలోనే ఉండేలా ఏర్పాటు చేసినా, కొత్తగా చేరేవాళ్లని అందులోకి రానివ్వాలా వద్దా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఒకే టేబుల్ దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పాత పెన్షన్, ఒకరికి కనీస పెన్షన్. ఇంటర్వ్యూలో మీకు మ్యూజియం చూపించే సీనియర్ 'ఇక్కడ పెన్షన్ చాలా బాగుంటుంది' అంటే అది తనకి బాగుంటుందని అర్థం. మీకు బాగుంటుందో లేదో తనకే తెలియకపోవచ్చు.

ట్రస్టు మ్యూజియాల గురించి మాట్లాడేటప్పుడు వెడ్జ్‌వుడ్ కథ చెప్పకుండా ముందుకి పోలేను. ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ దీన్ని ఒకసారైనా చదవాలి.

ఇంగ్లండ్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ దగ్గర బార్లాస్టన్‌లో వెడ్జ్‌వుడ్ మ్యూజియం ఉంది. 18వ శతాబ్దం నుంచీ పింగాణీకి పేరుపొందిన కంపెనీ అది, దాని చరిత్రంతా అక్కడే, వస్తువులు, పత్రాలు అన్నీ కలిపి 80 వేలకు పైనే. మ్యూజియం కంపెనీది కాదు, విడిగా ఉన్న ఒక ధర్మాదాయ ట్రస్టుది. కంపెనీకి ఏమైనా మ్యూజియానికి ఏమీ కాకూడదనే అలా విడిగా పెట్టుకున్నారు. 2009 జనవరిలో ఆ కంపెనీ ఉన్న గ్రూపు, వాటర్‌ఫర్డ్ వెడ్జ్‌వుడ్, కూలిపోయింది. అదే ఏడాది ఈ మ్యూజియానికి ఆర్ట్ ఫండ్ అనే బ్రిటన్ కళా ధర్మాదాయ సంస్థ ఇచ్చే పెద్ద బహుమతి కూడా వచ్చింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా పెన్షన్ బిల్లు వచ్చి పడింది. మ్యూజియం ఉద్యోగుల్లో ఐదుగురు ఆ కంపెనీ గ్రూపు పెన్షన్ పథకంలో సభ్యులు. ఆ పథకంలో భాగమైన కంపెనీలన్నీ దివాలా తీశాయి, నిలబడి ఉన్నది ఈ ట్రస్టు ఒక్కటే. నిబంధన ప్రకారం, అందరూ పోగా మిగిలినవాడే మొత్తం లోటుకి బాధ్యుడు. లోటు ఎంతో తెలుసా? 13 కోట్ల 40 లక్షల పౌండ్లు. ఐదుగురు ఉద్యోగుల కోసం.

2010లో మ్యూజియం ట్రస్టు దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సేకరణని అమ్మి పెన్షన్ బాకీ తీర్చొచ్చని 2011 డిసెంబర్‌లో హైకోర్టు తేల్చేసింది. విడిగా ట్రస్టు పెట్టుకున్నంత మాత్రాన పెన్షన్ బాకీ దగ్గర రక్షణ దొరకలేదన్నమాట. చివరికి 2014లో ఆర్ట్ ఫండ్ ముందుండి 1 కోటి 57 లక్షల 50 వేల పౌండ్లు సమకూర్చింది, ప్రజల్ని అడగాల్సిన చివరి భాగం ఒక్క నెలలోనే వచ్చేసింది. సేకరణ మొత్తాన్ని కొని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చారు, వాళ్లు దాన్ని బార్లాస్టన్‌లోనే ఉంచారు.

ఈ కథని మ్యూజియం వాళ్లు ఎప్పుడూ కళాఖండాల వైపునుంచే చెప్తారు, సేకరణ ఎలా బతికిందీ అని. ఉద్యోగి వైపునుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ పథకంలోని వేలమందికి పెన్షన్ ఆగిపోలేదు. బ్రిటన్‌లో ఇలా మునిగిన పథకాల్ని ఆదుకునే పెన్షన్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంది. రిటైర్మెంట్ వయసు దాటినవాళ్లకి పూర్తి పెన్షన్, ఇంకా చేరుకోనివాళ్లకి 90 శాతం అన్నది దాని స్థూలమైన సూత్రం. కాబట్టి మీరు చేరబోయే దేశంలో ఇలాంటి వెనకదన్ను ఉందా లేదా అన్నది, మ్యూజియం పేరు ఎంత పెద్దదన్నదానికంటే ముఖ్యం. రెండో సంగతి, చిన్న ట్రస్టులు పెద్ద పెన్షన్ హామీలంటే ఎందుకు భయపడతాయో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. కొత్తవాళ్లకి పెన్షన్ తలుపు మూసేసే యాజమాన్యాలన్నీ పిసినారివని నేను అనను. కొన్ని నిజంగానే భయపడుతున్నాయి. కొన్ని మాత్రం పిసినారివే.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది. కోట్ల విలువైన వస్తువులు ఇంట్లో పెట్టుకున్న సంస్థ ఉద్యోగులకి డబ్బు లేదంటే ఎలా నమ్మాలి? నమ్మాలి. ఆ వస్తువులు సంస్థ ఆస్తి అయినా ఖర్చు పెట్టుకోడానికి కాదు. అంతర్జాతీయ మ్యూజియాల మండలి నీతి నియమావళి ప్రకారం, సేకరణలోంచి ఏదైనా తీసేస్తే వచ్చిన డబ్బు సేకరణ కోసమే వాడాలి, జీతాలకి కాదు. 2020 అక్టోబర్‌లో అమెరికాలో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఆండీ వార్హోల్ చిత్రంతో సహా మూడు పెద్ద చిత్రాలు అమ్మి, వచ్చినదాంతో సిబ్బంది జీతాలు పెంచడానికి కూడా వీలు చేసుకుందామనుకుంది. ఎంత గొడవైందంటే వేలానికి కొన్ని గంటల ముందు ఆపేయాల్సి వచ్చింది. ఉద్దేశం మంచిదే అనిపిస్తుంది నాకు, కానీ ఆపినవాళ్ల వాదన కూడా తప్పని చెప్పలేను. ఒకసారి జీతాలకి బొమ్మలమ్మడం మొదలుపెడితే, తర్వాతి ఏడాది ప్రభుత్వం గ్రాంటు తగ్గిస్తూ 'మీ దగ్గర ఇంకా బోలెడు ఉన్నాయిగా' అంటుంది.

అన్నట్టు డెట్రాయిట్‌లో ఈ గొడవ పెద్దఎత్తున జరిగింది. 2013 జులైలో ఆ నగరం దివాలా పిటిషన్ వేసినప్పుడు అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు, అందులో పెద్ద వాటా రిటైరైన ఉద్యోగులకి ఇవ్వాల్సింది. డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌లోని సేకరణ నగరానిది కాబట్టి అప్పులవాళ్ల కళ్లు దానిమీద పడ్డాయి. నగరం డబ్బుతో కొన్న కళాఖండాల విలువ 45 కోట్ల 40 లక్షల నుంచి 86 కోట్ల 70 లక్షల డాలర్ల మధ్య ఉంటుందని క్రిస్టీస్ అనే వేలం సంస్థ లెక్క కట్టింది. ఒకవైపు వాన్ గో, ఇంకోవైపు రిటైరైన బస్సు డ్రైవర్. ఎవరినీ బలిపెట్టకుండా చివరికి ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం దాతలు కలిసి 20 ఏళ్లలో 81 కోట్ల 60 లక్షల డాలర్లు పెన్షన్లకి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. మ్యూజియం వంతు 10 కోట్లు. బదులుగా సేకరణ నగరం చేతిలోంచి స్వతంత్ర సంస్థ చేతిలోకి వచ్చింది. ఇంత చేసినా సాధారణ ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం కోత పడింది, ఏటా ధరల ప్రకారం పెరిగే భాగం పోయింది. ప్రభుత్వ పెన్షన్ అంటే రాయిమీద రాసినట్టే అనుకునేవాళ్లు ఆ 4.5 శాతం గుర్తుపెట్టుకోవాలి. నాలుగున్నరకి బదులు ఐదు ఎందుకివ్వలేదో చెప్పడానికి ఇది ఇంకో కారణం.

అమెరికాలో ప్రైవేటు నాన్-ప్రాఫిట్ మ్యూజియాల్లో ఎక్కువగా కనిపించేది 403బి అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా. మీరు కొంత వేస్తే వాళ్లు కొంత వేస్తారు. ఎంత వేస్తారన్నది సంస్థ ఇష్టం, అసలు వేయకపోయినా ఎవరూ అడగరు. ఇక్కడ అందరూ శాతం గురించి అడుగుతారు కానీ అడగాల్సింది వెస్టింగ్ గురించి. అంటే యజమాని వేసిన డబ్బు నిజంగా మీదవడానికి ఎన్నాళ్లు ఉండాలన్నది. అక్కడి పెన్షన్ చట్టం కిందికి వచ్చే ఇలాంటి పథకాల్లో పూర్తిగా మూడేళ్ల దాకా ఆపొచ్చు, లేదంటే మెట్లమెట్లుగా ఆరేళ్ల దాకా లాగొచ్చు. మ్యూజియం రంగంలో గ్రాంటు ఉద్యోగాలు ఎన్నాళ్లుంటాయి? రెండేళ్లు, మూడేళ్లు. లెక్క మీరే వేసుకోండి. 'ఐదు శాతం మ్యాచింగ్' అని గొప్పగా రాసిన ఉద్యోగంలో రెండేళ్లు చేసి, ఆ ఐదు శాతంలో ఒక్క డాలరు కూడా లేకుండా బయటికి రావడం పూర్తిగా చట్టబద్ధం.

స్మిత్‌సోనియన్‌ని ప్రత్యేకంగా చెప్పాలి, 'ఒకే కప్పు, వేరే యజమాని' అన్న నా గోలకి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. అమెరికాలోని పెద్ద మ్యూజియాల సముదాయం అది, 1846 నాటి సంస్థ. అక్కడి ఉద్యోగులు రెండు రకాలు, ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులు, సంస్థ సొంత ట్రస్టు నిధుల మీద ఉండే ట్రస్ట్ ఉద్యోగులు. పక్కపక్క గదుల్లో ఒకే పని చేస్తుంటారు. ఫెడరల్ వాళ్లకి ఐదేళ్లు పూర్తయితే ప్రభుత్వ పెన్షన్ హక్కు వస్తుంది: అత్యధిక జీతం వచ్చిన మూడేళ్ల సగటులో ఏడాదికి 1 శాతం, 62 ఏళ్ల దాకా ఉండి 20 ఏళ్ల సర్వీసుంటే 1.1 శాతం. దానికి తోడు పొదుపు ఖాతాలో 5 శాతం దాకా ప్రభుత్వ వాటా. ట్రస్ట్ వాళ్లకి ఆ పెన్షన్ ఉండదు, యజమాని కూడా డబ్బు వేసే రిటైర్మెంట్ ఖాతా ఉంటుంది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనడం లేదు. రెండు మూడేళ్లలో వెళ్లిపోయేవాళ్లకి ఖాతానే నయం కావచ్చు, వెంట తీసుకెళ్లొచ్చు. ముప్పై ఏళ్లు ఉండేవాళ్లకి పెన్షన్ మేలు. ప్రకటనలో ఏ రకం ఉద్యోగమో రాసే ఉంటుంది, చదవాలంతే.

భారతదేశం సంగతి. పురావస్తు సర్వేక్షణ సంస్థ లాంటి కేంద్ర ప్రభుత్వ విభాగంలో రెగ్యులర్ పోస్టు అంటే 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకి ఎన్‌పీఎస్, అంటే పెన్షన్ కోసం ఖాతాలో డబ్బు జమయ్యే పథకం: ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 14 శాతం. 2025 ఏప్రిల్ నుంచి హామీ పెన్షన్ ఇచ్చే యూపీఎస్ కూడా ఎంచుకోవచ్చు, అందులో 25 ఏళ్ల సర్వీసుకి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పెన్షన్, పదేళ్లు చేసినా నెలకి కనీసం 10,000 రూపాయలు. ప్రైవేటు ట్రస్టు మ్యూజియం అయితే ఈపీఎఫ్, అంటే ఉద్యోగుల భవిష్య నిధి. అది కూడా 20 మంది ఉద్యోగులుంటేనే తప్పనిసరి, చిన్న మ్యూజియాలు చాలావరకు అక్కడే జారిపోతాయి. పీఎఫ్‌లో భాగంగా వచ్చే నెలవారీ పెన్షన్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. లెక్కలోకి తీసుకునే జీతానికి పరిమితి 15,000, సూత్రం ప్రకారం జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. పదేళ్లకి వచ్చేది నెలకి 2,143 రూపాయలు. పదేళ్లు నిండకపోతే పెన్షనే లేదు, ఉన్నది తీసుకుని వెళ్లడమే. గ్రాట్యుటీకి ప్రతి ఒక్కరూ ఐదేళ్లు ఉండాలన్నది పాత మాట, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకి ఏడాది చాలు. ఇక్కడ కూడా అదే తిరకాసు: ఫిక్స్‌డ్ టర్మ్ అంటే యజమాని నేరుగా కాలపరిమితితో పెట్టుకున్న ఉద్యోగి. ఏజెన్సీ ద్వారా వచ్చిన గార్డుకి లెక్క ఏజెన్సీతోనే, మ్యూజియంతో కాదు.

నేను సేకరణల విభాగంలో పనిచేసిన చోటు పేరు చెప్పను. అక్కడ ఓ మధ్యాహ్నం హెచ్‌ఆర్‌కి వెళ్లి నా పెన్షన్ ఏ పథకంలో ఉందని అడిగితే, 'ఉంది కదండీ, అందరికీ ఉంటుంది' అన్నారు. పథకం పేరు చెప్పమంటే ఫైల్ తిరగేశారు, ఇంకొకరిని పిలిచారు, తర్వాత మెయిల్ చేస్తామన్నారు. ఆ మెయిల్ రానేలేదు. 200 ఏళ్ల నాటి తాళపత్రం ఏ అరలో, ఏ తేమలో ఉందో క్షణంలో చెప్పగలిగే సంస్థ అది. తమ మనిషి రిటైర్మెంట్ కాగితం ఎక్కడుందో చెప్పలేకపోయింది. కోపం అంటే కోపమే వచ్చింది, కానీ ఆ తర్వాత ఇతరులతో మాట్లాడితే తెలిసిందేంటంటే ఇది అక్కడి జబ్బు మాత్రమే కాదు. చిన్న, మధ్యస్థాయి మ్యూజియాల్లో హెచ్‌ఆర్ అంటే ఒకరో ఇద్దరో, జీతాల పని బయట ఎవరికో ఇస్తారు, పెన్షన్ ఇంకెవరో చూస్తారు. అడిగేవాళ్లు లేక సమాధానాలు కూడా తయారుగా ఉండవు.

ఎవరూ మాట్లాడని ఇంకో నష్టం ఉంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఆలస్యంగా వస్తారు. రెండు డిగ్రీలు, జీతం లేని ఇంటర్న్‌షిప్పులు, స్వచ్ఛంద సేవ, ఆ తర్వాత చిన్న చిన్న కాంట్రాక్టులు. మొదటి పర్మనెంట్ ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటుతుంది. పెన్షన్ విషయంలో మొదటి పదేళ్ల డబ్బుకే ఎక్కువ కాలం పెరిగే అవకాశం ఉంటుంది, ఆ పదేళ్లే వీళ్లకి ఖాళీ. తర్వాత కాంట్రాక్టుకీ కాంట్రాక్టుకీ మధ్య విరామాలు. ప్రతిచోటా చిన్న చిన్న ఖాతాలు, కొన్నిటి పాస్‌వర్డ్ కూడా గుర్తుండదు. బ్రిటన్ ప్రభుత్వ పథకాల్లో రెండేళ్లు నిండకపోతే పెన్షన్ హక్కు నిలవదు, కట్టింది వెనక్కి తీసుకోవడమో వేరే పథకానికి మార్చుకోవడమో చేయాలి. 23 నెలల కాంట్రాక్టు కనిపించినప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. ఏమో, నిజంగానే గ్రాంటు అంతే ఉండొచ్చు.

అదీగాక పెన్షన్లన్నీ జీతంలో ఇంత శాతం అనే లెక్కమీదే నడుస్తాయి. ఎంత ఉదారమైన పథకమైనా చిన్న జీతంలో శాతం చిన్నదే. పని మీద ప్రేమతో తక్కువ జీతానికి ఒప్పుకున్నవాళ్లు ఆ ప్రేమకి రెండుసార్లు కడుతున్నారు, ఉద్యోగంలో ఉన్నప్పుడొకసారి, రిటైరయ్యాక ఇంకోసారి. 2019 నుంచి అమెరికా మ్యూజియాల్లో వరసగా యూనియన్లు రావడం, న్యూ మ్యూజియం, గుగ్గెన్‌హైమ్, ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఒకదాని తర్వాత ఒకటి, ఊరికే జరగలేదు. ఫిలడెల్ఫియా వాళ్లు 2022లో 19 రోజులు సమ్మె చేసి మొదటి ఒప్పందం తెచ్చుకున్నారు. యూనియన్ ఉన్న చోటికి నేను అర మార్కు ఎక్కువేస్తాను, కనీసం ప్రయోజనాలన్నీ ఒక ఒప్పందంలో రాసి ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు.

చేరేముందు ఏం అడగాలంటే, ముందుగా ఆఫర్ లెటర్ మీద యజమానిగా ఎవరి పేరు ఉంది, జీతం ఎవరి ఖాతాలోంచి వస్తుంది. ఇది అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. తర్వాత పథకం పేరు, అది హామీ పెన్షనా లేక ఖాతానా. యజమాని వాటా ఎంత, అది మొత్తం జీతం మీదా, కొంతభాగం మీదా. ఆ వాటా నాదవడానికి ఎన్నాళ్లు పడుతుంది. నా కాంట్రాక్టు అంతకంటే తక్కువైతే ఏమవుతుంది. కొత్తగా చేరేవాళ్లకి పథకం తెరిచే ఉందా, ఈ మధ్య ఏమైనా మార్చే ఆలోచన ఉందా. ట్రస్టు అయితే ఇంకో పని కూడా చేస్తాను, వాళ్ల వార్షిక ఖాతాలు చూస్తాను. చాలా దేశాల్లో ధర్మాదాయ సంస్థల లెక్కలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి. అందులో పెన్షన్ నోట్ అని ఒక పేజీ ఉంటుంది, లోటు ఎంతో అక్కడ రాస్తారు. వార్షిక నివేదిక ముందు పేజీల్లో ఎగ్జిబిషన్ ఫొటోలు చాలా అందంగా ఉంటాయి, వాటిని దాటుకుని వెనక్కి వెళ్లాలి.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, ఒకేచోట పదిహేను ఇరవై ఏళ్లు ఉండే మనసున్నవాళ్లు, జాతీయ మ్యూజియంలోనో ప్రభుత్వ విభాగంలోనో రెగ్యులర్ పోస్టు దొరికితే, ప్రైవేటులో కొంచెం ఎక్కువ జీతం వస్తున్నా ఇటే రండి. ట్రస్టు మ్యూజియం అయితే సొంతంగా ఇంకో పొదుపు పెట్టుకోగలిగితేనే. ఏజెన్సీ ద్వారా చేరేవాళ్లకి, లోపలికి వెళ్లడానికి అదొక దారి అనుకుంటే సరే, రెండేళ్లకి మించి అక్కడే ఉండిపోకండి, లోపలి పోస్టులు పడినప్పుడల్లా దరఖాస్తు చేస్తూనే ఉండండి.

చివరిగా ఒక చిన్న పని, దీనికి పైసా ఖర్చు లేదు. చేరిన వారంలోనే నామినీ ఫారం నింపండి. ఆల్ఫా లాంటి పథకంలో ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే మామూలుగా జీతానికి రెండింతలు ఒకేసారి ఇస్తారు, పీఎఫ్‌లో కూడా నామినీ పేరు ఉంటే కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగడం చాలావరకు తప్పుతుంది. పెళ్లయితే మార్చండి, విడిపోతే మార్చండి. నింపాక ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, హెచ్‌ఆర్ ఫైల్‌లో ఉందిలే అనుకోవద్దు.